ఇరవై రాత్రుల మిరపదండ

దర్శి బస్టాండుకి ఎదురుగా మందుల షాపు నడిపే నస్రత్‌కి ఒక జబ్బుంది. దానికి మందు ఆమె షాపులోనే కాదు, ఒంగోలు వెళ్లి వెతికినా దొరకదు. ఏ సంగతైనా సగం తెలిస్తే మిగతా సగం తెలిసేదాకా ఆమెకి అన్నం సయించదు. పక్క కొట్టు టైలరు రెండు రోజులు తలుపు తీయకపోతే ఎందుకు తీయలేదో తెలియాలి. దగ్గు మందు కొన్నవాడు మర్నాడు రోడ్డు మీద కనిపిస్తే, దగ్గు తగ్గిందో లేదో చెప్పి మరీ వెళ్లాలి. "బ్యాంకువాళ్లు నీకు మందుల షాపుకి లోను ఇచ్చారుగానీ, పోలీస్ స్టేషన్‌కి ఇవ్వాల్సింది," అంటాడు ఆమె భర్త ఇషాక్. అతనిది మిర్చి లారీల బుకింగ్ ఆఫీసు. లారీ ఎక్కడికి పోతోందో రాసుకుంటాడు తప్ప, అందులో ఎవరి పంట ఉందో కూడా అడగని మనిషి. వీళ్లిద్దరికీ ఎలా కుదిరిందో పైవాడికే తెలియాలి.

ఆ జబ్బు యలమంద విషయంలో బాగా ముదిరింది.

యలమంద అరవై దాటిన రైతు. దర్శికి పది కిలోమీటర్ల అవతల ఊరు. రెండెకరాలు సొంతం, రెండు కౌలు, మిర్చీ పత్తీ వేస్తాడు. ఆర్నెల్లుగా పది రోజులకోసారి ఠంచనుగా వచ్చి, భార్య హనుమాయమ్మ కోసం ఒక షీటు నిద్రబిళ్లలు తీసుకువెళ్తున్నాడు. ఒంగోలు డాక్టరుగారు రాసిచ్చిన చీటీ తెస్తాడు. పేరున్న కంపెనీ మందు అది. ఒక్క షీటుకి ఇద్దరు మనుషులు రోజంతా మిరపకాయలు కోసిన కూలి చెల్లిపోతుంది. ఆయన బేరమాడడు. షీటు చేతికిచ్చాక పేరు చదువుతాడు, తేదీ చదువుతాడు, వెలుతురులోకి పట్టి చూస్తాడు. అంతా అయ్యాక ఒకే మాట అంటాడు.

"బిల్లు."

ఆ బిల్లుని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బనీను జేబులో దాచుకుంటాడు. పురుగుమందు కొన్నా బిల్లడగని రైతులున్న చోట, నిద్రబిళ్లకి బిల్లడిగే మనిషిని చూసి నస్రత్‌కి మొదటి రోజే అనుమానమొచ్చింది. అడిగింది కూడా. "ఉంటే మంచిదేగా అమ్మాయ్," అని వెళ్లిపోయాడు. అది జవాబు కాదని ఆమెకి తెలుసు.

మిరపకోతలు మొదలయ్యాక ఇంకో వింత మొదలైంది. పది రోజులకోసారి వచ్చే మనిషి ఇరవై రోజులకి వస్తున్నాడు. తీసుకెళ్లేది మాత్రం అదే ఒక్క షీటు.

"పిన్నికి నిద్ర పడుతోందా బాబాయ్?" అని అడిగింది.

"పడతంది."

"బిళ్ల రోజూ వేస్తున్నారా?"

"రోజూ ఏత్తన్నాం."

పది బిళ్లలు, ఇరవై రాత్రులు. రోజూ వేస్తున్నారట. ఆయన అబద్ధమాడే మనిషిలా లేడు. నస్రత్ ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఈ సంగతే ఆలోచిస్తూ కూర్చుంది. ఇంకో షాపులో కూడా కొంటున్నాడా? కొంటే ఇక్కడ సగం, అక్కడ సగం ఎందుకు? డాక్టరు మోతాదు తగ్గించిందా? తగ్గిస్తే కొత్త చీటీ ఏది?

మార్చి నెలలో ఒక పొద్దున ఆయన దూదీ, బ్యాండేజీ, దెబ్బలకి రాసే ఆయింట్‌మెంటూ అడిగాడు.

"ఎవరికి బాబాయ్?"

"మా ఇంటిదానికే. నీళ్లతొట్టి కాడ పడింది. కణతకి తగిలింది."

నస్రత్ కౌంటరు పలక ఎత్తి బయటికొచ్చింది. "ఎప్పుడు? బిళ్ల వేసుకున్నాకా?"

"ఏసుకున్న పావుగంటకే. చేతులు కడుక్కుందామని లేచి తూలింది."

"మొత్తం బిళ్ల వేసుకుందా?"

"సగం."

"సగం ఎట్టా చేశారు?"

"అడకత్తెరతో," అన్నాడు యలమంద. పైగా కాస్త గర్వంగా చెప్పాడు. "కొలిచినట్టు రెండు ముక్కలవుద్ది. పొడి కూడా రాలదు."

నస్రత్‌కి వెంటనే కోపమొచ్చింది, ఆయన మీదో, ఇన్నాళ్లూ కనిపెట్టలేని తన మీదో తెలియలేదు. "ఆ బిళ్ల కొయ్యకూడదు బాబాయ్! మీ చేలో డ్రిప్పుందా?"

"ఉంది."

"ఈ బిళ్ల కూడా అట్టాంటిదే. రాత్రంతా చుక్క చుక్కా వదులుద్ది. మీరు అడకత్తెర పెట్టి గొట్టం నరికారు. రాత్రంతా పారాల్సింది ఒక్కసారే పారింది. అందుకే తూలింది, అందుకే తెల్లారుజామున మళ్లీ నిద్ర పట్టి ఉండదు."

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. తెల్లారుజామున హనుమాయమ్మ లేచి కూర్చుంటున్న మాట నిజమేనట.

"చచ్చిపోయేదా అమ్మాయ్?"

"కణత మీద దెబ్బతో పోయింది, సంతోషించండి. ఇంకెప్పుడూ కొయ్యొద్దు."

"కొయ్యను," అన్నాడు. చేతిలో చేయి వేసి ఒట్టేసినంత పని చేశాడు. కానీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, రోజుకొక బిళ్లంటే నెలకెన్ని షీట్లో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం నస్రత్ చూసింది. ఆ లెక్కపెట్టే వేళ్లని చూశాక ఆమె ఊరుకోలేకపోయింది.

ఆ వారంలోనే మందుల కంపెనీ మనిషి నాగేంద్రబాబు బ్యాగు మోసుకుంటూ వచ్చాడు. ఇంత ఖరీదు పెట్టి పల్లెటూరివాళ్లు ఎట్టా కొంటారని నస్రత్ అతన్ని దులిపేసింది. అతను నీళ్లు తాగి, చెమట తుడుచుకుని, తమ కంపెనీలో ఒక పేషెంటు కార్డు ఉందని బయటపెట్టాడు. రెండు షీట్లు కొంటే మూడోది ఉచితం. కాకపోతే ఆధార్ కావాలి, చీటీ ఫొటో కావాలి, వాడేసిన ఖాళీ షీట్లు చూపించాలి, ఫోనుకొచ్చే నంబరు చెప్పాలి.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు మేడం," అన్నాడు నాగేంద్రబాబు. పాపం, నిజమే చెప్పాడు.

యలమందది నొక్కుడు మీటల ఫోను. నస్రత్ తన ఫోనులో రెండు గంటలు కుస్తీ పట్టి కార్డు తెప్పించింది. ఉచితపు షీటు వచ్చింది. యలమంద దాన్ని అటూ ఇటూ తిప్పి, పాత ఖాళీ షీటు పక్కన పెట్టి, అక్షరం అక్షరం పోల్చి చూశాడు. "ఊరికే ఎందుకిత్తన్నారంటావ్?" అని మూడుసార్లు అడిగాడు. పేరు ఒకటేనని తేలాక తీసుకున్నాడు. ఆ మూణ్ణాళ్ల ముచ్చట కూడా ఏప్రిల్ ఒకటో తారీఖున ముగిసింది. కొత్త లెక్కల సంవత్సరంలో ఆ పథకం లేదని నాగేంద్రబాబు ఫోను చేసి చెప్పాడు.

అప్పుడు నస్రత్ ఒంగోలు డాక్టరుగారికి తనే ఫోను చేసింది. అదే మందు, అంతే మోతాదు, అదే విధంగా నెమ్మదిగా కరిగే రకం, పేరు లేని కంపెనీది ఇవ్వొచ్చా అని అడిగింది. నిరభ్యంతరంగా ఇవ్వమంది డాక్టరమ్మ. ఎనిమిదో వంతు ధర! నస్రత్‌కి తన తెలివికి తనే భుజం తట్టుకోవాలనిపించింది. మర్నాడు యలమంద రాగానే కొత్త షీటు కౌంటరు మీద పెట్టింది.

"ఇదేంది?"

"ఇది తీసుకెళ్లండి బాబాయ్. డాక్టరుగారు కూడా సరేనన్నారు. లోపల సరుకు ఒకటే, పైన కవరే వేరు."

మనిషి బిగుసుకుపోయాడు. ఆ షీటుని ముట్టుకోలేదు. నస్రత్ ముఖంలోకి అదోలా చూశాడు. ఇన్నాళ్లూ అమ్మాయ్ అని పిలిచిన నోటితో, "నువ్వు కూడానా అమ్మా," అన్నాడు. చీటీ తీసుకుని బయటికి నడిచాడు. బస్సు రాకముందే రోడ్డు దాటి కనిపించకుండా పోయాడు.

పది రోజులైంది. పదిహేనైంది. యలమంద రాలేదు.

నస్రత్‌కి ఈసారి వచ్చింది వట్టి కుతూహలం కాదు. లోపల ముల్లు గుచ్చుకున్నట్టుంది. తనేమంది? చౌకగా ఇస్తాననేగా? తిట్టిందా, కొట్టిందా? ఆ మాటనే నాలుగు రకాలుగా తిప్పి చూసుకుంది. తప్పు దొరకలేదు. తప్పు దొరక్కపోవడమే ఆమెని తినేసింది. శుక్రవారం మధ్యాహ్నం షాపుకి తాళం వేసి, స్కూటీ తీసింది. ఎక్కడికని ఇషాక్ అడగలేదు. అడిగే మనిషయితే కదా.

యలమంద ఊరి పొలిమేరలోనే మిరప కళ్లాలు. ఎండబెట్టిన కాయలు నేలంతా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక పట్టా మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. కణత మీద దెబ్బ మచ్చ ఉన్న మనిషిని పోల్చుకోవడం కష్టం కాలేదు. హనుమాయమ్మ మిగతావాళ్లకి దూరంగా, పట్టా చివర ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె చేతులు ఏరుతున్నాయి, కళ్లు ఎక్కడో ఉన్నాయి.

"మందుల షాపు పాపవా?" అంది నస్రత్ పేరు చెప్పగానే. "రా తల్లీ, ఇంటికి పోదాం. ఇక్కడ దగ్గొచ్చుద్ది నీకు."

ఇంట్లో యలమంద లేడు. చూరులో దోపి ఉన్న ఖాళీ విత్తనాల ప్యాకెట్టు ఒకటి నస్రత్ కంటబడింది. ఎండకి రంగు వెలిసింది. పారేయాల్సిన ప్యాకెట్టుని అంత పదిలంగా ఎందుకు దాచారు? మంచినీళ్ల గ్లాసు చేతిలో ఉండగానే నస్రత్ ఆ మాటే అడిగింది. సంగతి సగం తెలిసింది కదా మరి.

హనుమాయమ్మ నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

రెండేళ్ల కిందటి మాట. ఊళ్లో అందరూ నమ్మే రకం మిరప విత్తనం ఆ ఏడు దొరకలేదు. విత్తనాల కొట్టువాడొకడు హనుమాయమ్మని పిలిచాడు. ఆమె అప్పట్లో కోతకూలీల ముఠాకి మేస్త్రి. ఆమె మాటంటే పద్నాలుగిళ్లలో గురి. "లోపల సరుకు ఒకటే హనుమాయమ్మా, పైన కవరే వేరు," అని చెప్పాడట వాడు. సగం ధర. బిల్లు మాత్రం ఇవ్వనన్నాడు. ఆమె కొంది. పద్నాలుగిళ్లచేత కొనిపించింది. నారు పెరిగింది, మొక్క రొమ్ముల ఎత్తు లేచింది, ఆకు నిగనిగలాడింది. కాయ మాత్రం కాయలేదు. కొట్టువాడు బోర్డు పీక్కుని ఎటో పోయాడు, మిగిలింది చూరులోని ఆ ప్యాకెట్టే. నష్టపరిహారం కోసం వెళ్తే, బిల్లులేమైనా ఉన్నాయా అని అడిగారు వ్యవసాయ ఆఫీసరు. ఒక్కరి దగ్గరా లేవు.

"ఆ మాటేనమ్మా నువ్వు మా ఆయనతో అన్నది," అంది హనుమాయమ్మ. "ఒక్క ముక్క తేడా లేకండా."

నస్రత్‌కి తల దించుకోవాలనిపించింది. తన మాటలో తప్పు లేదు. ఆ మాట ఈ ఇంట్లో అప్పటికే ఒకసారి చెల్లకుండా పోయింది, అంతే.

"పద్నాలుగిళ్లవాళ్లూ మిమ్మల్ని తిట్టారా పిన్నీ?"

"లేదు తల్లీ. ఒక్కళ్లూ ఏమనలేదు. నీ తప్పేముందిలే అన్నారు. ఆ ముక్క అని, ఏరే మేస్త్రిని చూసుకున్నారు." ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఒక్కళ్లన్నా జుట్టు పట్టుకుని తిడితే నిద్ర పట్టేదేమో."

నస్రత్ గ్లాసు కింద పెట్టింది. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. "ఇప్పుడు బిళ్లలు ఎక్కడ కొంటున్నారు?"

"పొదిలి బోయి తెత్తన్నాడు. ఆ పేరున్నయ్యే. కొయ్యటం లేదులే, ఒట్టు. రాత్రిళ్లు ఆ పెద్ద యాపారి కళ్లంలో కాపలాకి కుదిరాడు. ఆ డబ్బులు నా బిళ్లలకే." హనుమాయమ్మ గొంతు తగ్గింది. "నా నిద్ర కొనటానికి ఆయన నిద్ర అమ్ముకుంటన్నాడు. బిళ్ల ఏసుకుని పడుకుంటా. ఈ వయసులో ఆయన కర్ర పట్టుకుని అక్కడ మేలుకునుంటే నాకేం నిద్ర పడుద్ది? ఈ మాట ఆయనకి చెప్పలేను."

సరిగ్గా అప్పుడే యలమంద వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నస్రత్‌ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

"తప్పయింది బాబాయ్," అంది నస్రత్ ముందుగానే లేచి. "ఆ మాట వెనక ఏముందో నాకు తెలియదు."

పిల్ల అంతదూరం స్కూటీ మీద వచ్చి తప్పయిందంటే ఏ మనిషికైనా కోపం నిలవదు. కానీ యలమంద పట్టుదల కోపం కాదు. "నీ మీద నాకేం లేదమ్మాయ్. దాన్ని ఆ మాట ఒకసారి ముంచింది. దాని నోట్లో పడేదాంట్లో మళ్లా ఆ మాట వద్దు. నా ఓపికున్నంతకాలం అసలుదే తెత్తా."

"ఏవయ్యా," అంది హనుమాయమ్మ ఉన్నట్టుండి. "మా నాన్న కొత్త ఇత్తనం ఎట్టా ఏసేవాడు?"

యలమంద గుమ్మం దాటి వచ్చి గోడవార కూర్చున్నాడు.

"రెండు సాళ్లు ఏసేవాడు," అని ఆమే నస్రత్‌కి చెప్పింది. "ఎవరెంత చెప్పినా చేనంతా ఏసేవాడు కాదు. పాత ఇత్తనం పక్కనే కొత్తది రెండు సాళ్లు. కాపు చూసుకుని, మరుసటేడు మిగతా చేనుకి. ఆ ఏడు నేను తొందరపడ్డా. సాళ్లు ఏసి చూడకండా పద్నాలుగిళ్ల చేలు నింపించా. ఈసారి చూద్దాం. నేనే చేను. నా మీదే ఏసి చూడండి."

నస్రత్ నోరు తెరుచుకుని వింది. ఇంత పెద్ద చదువు చదివి తనకి తట్టని సంగతి ఇది.

అక్కడినుంచి ఇక ఏర్పాట్లు. డాక్టరుగారికి ఫోను కలిపి స్పీకరు పెట్టారు. రెండూ ఒకే మందు గనుక ఏ రాత్రి ఏది వేసుకున్నా నష్టం లేదని, కొయ్యడం మాత్రం కూడదని, కళ్లు తిరిగితే వెంటనే చెప్పాలని ఆవిడ చెప్పింది. ఇది జన్మంతా వేసుకునే బిళ్ల కాదని, తర్వాత తనే మెల్లిగా తగ్గిస్తానని కూడా అంది. పక్కింటి రెబ్కాని పిలిచారు. రెబ్కా ఆ ఊరి ఆశా వర్కరు. గర్భిణుల దగ్గర్నుంచి కుక్కకాటుదాకా అన్నీ పుస్తకంలో రాసుకునే అలవాటు.

"రెండు రకాలూ పదేసి నీ దగ్గరుంచుకో," అంది హనుమాయమ్మ. "నీ ఇష్టమొచ్చిన వరసలో రోజుకొకటి నా నోట్లో ఏసిపో. నేను కళ్లు మూసుకుంటా. ఈయన అటు తిరుగుతాడు. ఏది ఏశావో మాకు చెప్పమాక."

"నువ్వు నిద్రపోయావో లేదో ఎవరు చెప్పాలి?" అన్నాడు యలమంద. "నన్ను కాపలా మానిపించటానికి, పట్టకపోయినా పట్టిందంటావ్. నాకు తెలవదా నీ సంగతి? నేను చూత్తా. ఇరవై రాత్రులూ రానని యాపారికి చెబుతా. కళ్లం కాపలా కాసినోణ్ణి, నిన్ను కాయలేనా?"

ఆయన రాయడు. అక్షరాలొచ్చుగానీ రాతంటే బద్ధకం. చూరులోంచి ఒక పురికొస తీశాడు. గోనెలు కుట్టే సూది గుచ్చాడు. బాగా నిద్రపోయిన రాత్రికి ఒక ఎండుమిరపకాయ, మధ్యలో లేచి కూర్చున్న రాత్రికి ఒక వట్టి తొడిమ, తెల్లారగానే వరసగా దండకి ఎక్కించాలి. ఇరవయ్యో రోజున రెబ్కా పుస్తకం పక్కన పెట్టి చూసుకోవాలి. మిరపకాయ దండలు దిష్టికి కట్టడం నస్రత్ చూసిందిగానీ, మందుని తూచడానికి కట్టడం అదే మొదటిసారి.

ఆ ఇరవై రోజులూ హనుమాయమ్మ, యలమంద ఎలా గడిపారోగానీ, నస్రత్ మాత్రం నరకం చూసింది. రెబ్కాకి నాలుగుసార్లు ఫోను చేసింది. "ఇవాళ ఏదేశావ్? పోనీ నిన్న?" అని బతిమాలింది. "చెప్పనక్కా. చెప్తే నువ్వు షాపుకొచ్చిన యలమంద పెదనాన్న ముఖం చూసి నవ్వుతావ్," అనేది రెబ్కా. ఆ అమ్మాయి చెప్పింది నిజమే కాబట్టి నస్రత్ మరీ ఉడుక్కుంది. ఇంట్లో ఇషాక్ తనంతట తానే "ఏమైంది?" అని అడిగాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో అతను అడిగిన మొదటి ప్రశ్న కావచ్చు అది.

ఇరవయ్యో రాత్రి గడిచిన మర్నాడు నస్రత్ మధ్యాహ్నానికల్లా ఆ ఇంటి వసారాలో ఉంది. యలమంద కొక్కేనికి వేలాడుతున్న దండ దింపి చాప మీద పొడుగ్గా పరిచాడు. ఎర్రటి కాయలు, వాటి మధ్య అక్కడక్కడా ఎండిన తొడిమలు. నస్రత్ కళ్లు దాని వెంట పరుగెత్తి, ఒకచోట టక్కున ఆగిపోయాయి. పద్నాలుగోచోట కాయ లేదు, తొడిమ లేదు. పురికొసకి ఒక ముడి వేసి ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"అది లెక్కలోది కాదు. ముందు మిగతాయి చూడండి," అన్నాడు యలమంద చూపు తప్పించి.

నస్రత్ పళ్లబిగువున ఊరుకుంది. రెబ్కా పుస్తకం తెరిచి ఒక్కో రాత్రీ చదివింది. ఆమె చదువుతుంటే యలమంద వేలు దండ మీద ఒక్కో కాయా జరిగింది. ఖరీదు బిళ్ల వేసిన పది రాత్రుల్లో ఎనిమిది కాయలు, రెండు తొడిమలు. చౌక బిళ్ల వేసిన పది రాత్రుల్లో ఎనిమిది కాయలు, ఒక తొడిమ, ఒక ముడి.

యలమంద మళ్లీ మొదటినుంచి, ఈసారి తనే పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కాయ కాయా తడుముతూ లెక్కపెట్టాడు. అదే లెక్క వచ్చింది. ఆయన చూరులోని విత్తనాల ప్యాకెట్టు వంక కాసేపు చూశాడు.

"ఈసారి కవరు మారినా సరుకు మారలా," అన్నాడు. "సరే అమ్మాయ్. ఇక ఆ చౌకదే ఇయ్యి. యాపారికి కూడా ఇంకెప్పుడూ రానని చెబుతా."

నస్రత్‌కి కళ్లనిండా నీళ్లొచ్చాయి. మిరప ఘాటనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"బిల్లు మాత్రం ఇయ్యాల," అన్నాడు యలమంద.

"రెండు బిల్లులిస్తా బాబాయ్. ఆ ముడి సంగతి చెప్పండి ముందు. నాకు ఊపిరాడటం లేదు."

యలమంద సిగ్గుపడ్డాడు. అరవై దాటిన మనిషి సిగ్గుపడితే చూడాలి. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ రాత్రి గోడకి ఆనుకుని చూత్తా కూర్చున్నా. దీని ఊపిరి ఒక తీరుగా ఆడతంది. ఎప్పుడు కన్నంటుకుందో తెలవదు. లేచేతలికి కోళ్లు దిగినయ్యి. ఎట్టా పడుకుందో నేను చూళ్లేదుగా? చూడందానికి కాయ ఎట్టా ఏసేది, తొడిమ ఎట్టా ఏసేది? అందుకని ముడేశా."

"అయితే ఆ రాత్రి పిన్ని నిద్రపోయిందో లేదో ఎవరికీ తెలియదన్నమాట," అంది నస్రత్. ఇరవై రాత్రుల్లో ఒకటి తెలియకుండా మిగిలిపోయినందుకు ఆమెకి నిజంగానే బాధేసింది.

"నాకు తెలుసు," అంది హనుమాయమ్మ.

అందరూ ఆమె వంక తిరిగారు.

"మధ్యలో మెలకువొచ్చింది. లేచి కూర్చున్నా. చూత్తే ఈయన గోడకి జారగిలబడి, నోరు తెరుచుకుని గురక. కాపలాకి పోయిన కాడ్నుంచి ఈయన గురక ఇన్లేదు నేను. లేపుదామని చెయ్యి చాపి, మళ్లా ఎనక్కి తీసుకున్నా. తెల్లారిందాకా అట్టా ఇంటానే ఉన్నా."

"మరి చెప్పలేదేం?" అన్నాడు యలమంద. "తొడిమ ఏసేవాణ్ణిగా!"

"తొడిమా? రెండేళ్లలో నాకంత మంచి రాత్రి లేదు."

ఆమె చాప అంచున ఉన్న చేటలో చెయ్యి పెట్టి, కాయలన్నీ కెలికి, అన్నిటికంటే పొడుగ్గా, ఎర్రగా ఉన్నదాన్ని ఏరి తీసింది. భర్త ముందున్న సూది అందుకుంది.

"ఉండవే, లెక్క తప్పుద్ది," అన్నాడు యలమంద.

"తప్పనీ," అని హనుమాయమ్మ ఆ కాయని ముడి పక్కనే గుచ్చింది.